నలుగురై వచ్చిన ఒక్కడు

మా నాన్న బతికున్నన్నాళ్లూ మా ఇంట్లో పగ అనే మాట పలకనిచ్చేవాడు కాదు. మెదక్ దగ్గర మిషన్ బడిలో పంతులుగా పనిచేసి, చర్చిలో సంఘపెద్దగా ఉన్న మనిషి. ఎవరైనా మమ్మల్ని ఒక మాట అంటే, ఆ పూట ప్రార్థనలో వాళ్ల పేరే ముందు చెప్పించేవాడు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను, ముఖమైనా ఎరగని ఒక మనిషి మీద ఏళ్ల తరబడి పగ పట్టాను. దాన్ని పెంచాను, తీర్చుకున్నాను. పగ తీరాక చేతిలో బూడిదే మిగులుతుందని చాలామంది చెప్తారు. నాకు అలా ఏమీ కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభైల్లో డిగ్రీ కాగానే అబిడ్స్‌లో ఒక డీటీపీ సెంటర్‌లో చేరాను. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, చర్చి పాటల పుస్తకాలు, సన్మాన పత్రాలు కంపోజ్ చేయడం నా పని. నాన్న పోయాక అమ్మను తెచ్చుకుని నాంపల్లిలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాను. అమ్మ మిషన్ దవాఖానలో ఆయాగా చేసి రిటైరయింది. పొద్దున నేను టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగుతుంటే వెనక నుంచి "పైలంగ పో బిడ్డా" అనేది. స్టేషన్ రోడ్డు దాటి అబిడ్స్ చేరేసరికి నా నోట్లో ఆ భాష ఉండకూడదు. చేరిన కొత్తలోనే మా ఓనరు, కస్టమర్లతో మంచి తెలుగు మాట్లాడమని చెప్పాడు. నేను నేర్చుకున్నాను. "గట్లనా" అనబోయి "అలాగా అండీ" అనడం అలవాటైపోయింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు నెట్‌లో నేరుగా తెలుగు రాసే వీలు వచ్చింది. అప్పుడే ఒక తెలుగు నిఘంటువు సైటు నా కంటబడింది. జీతాలు లేవు, ఆఫీసు లేదు. ఎవరికి తెలిసిన మాటలు వాళ్లు ఎక్కించవచ్చు. అర్థం రాసి, వాడుక ఒకటి చూపాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆ మాట కింద చర్చ పెడతారు. ఉంచాలనేవాళ్లు, తీసేయాలనేవాళ్లు కారణం చెప్పి ఓటు వేస్తారు. ఎటు ఎక్కువ మంది ఉంటే అటు నిర్ణయం. నాకది చాలా నచ్చింది. సెంటర్‌లో పని తగ్గిన మధ్యాహ్నాలు, ఓనరు అనుమతితో, ఒక్కో మాటా ఎక్కించేదాన్ని. మొదట ఎక్కించింది "పైలం". పదిలం అనే మాటే అరిగి అరిగి పైలం అయిందని మా నాన్న చెప్పేవాడు. అదే రాశాను. తర్వాత స్పృహకు సోయి, పచ్చడికి తొక్కు, చొక్కాకు అంగి, దిగులుకు ఫికర్, కొంచెం అనడానికి జర. అమ్మ మాట్లాడుతుంటే నాకు కొత్త చెవులు వచ్చినట్టు ఉండేది.

ఒకరోజు చూస్తే నా మాటలన్నిటి కిందా చర్చలు లేచాయి. మొదలుపెట్టింది ఆ సైటులో పేరున్న పెద్దమనిషి. తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యానని రాసుకున్నాడు. ప్రాచీన కావ్యాల నుంచి ఉదాహరణలు ఎక్కిస్తాడని అందరికీ గౌరవం. "పైలం" తెలుగు కాదు, ఉర్దూ కలిసిన సంకర భాష, నిఘంటువులో ఇలాంటివి పెడితే రేపు పిల్లలు నవ్వుతారు అన్నాడు. ఆయన వెనకే ఒక కాలేజీ కుర్రాడు, ఒక డాక్టరు వచ్చి అవునవునన్నారు. అంతవరకు నేను తట్టుకున్నాను. వాదించాను కూడా.

నన్ను పడగొట్టింది నాలుగో మనిషి. ఆమె కరీంనగర్ గృహిణినని చెప్పుకుంది. "నేను తెలంగాణ ఆడబిడ్డనే. మా వైపు చదువు లేని ఆడవాళ్లు మాత్రమే ఇట్లా మాట్లాడతరు. వాళ్ల మాటలు ఇక్కడ పెట్టి మా ఇజ్జత్ తీయకండి" అని రాసింది. పరాయివాడు అంటే ఎదురు తిరగొచ్చు. మన ఇంటి ఆడమనిషే వచ్చి మీ అమ్మ భాష సిగ్గుచేటు అంటే ఏమనాలి? నలుగురు ఒకవైపు, నేను ఒక్కదాన్ని ఒకవైపు. మాటలన్నీ తీసేశారు. ఆ పైన నేను కొన్ని నెలలు ఆ సైటు జోలికి పోలేదు. అమ్మ పిలిచినా ముక్తసరిగా జవాబు చెప్పేదాన్ని. మాట్లాడే ప్రతి మాటకూ ముందు కరీంనగర్ ఆమె నా చెవిలో కూర్చుని సరిచేస్తున్నట్టు ఉండేది.

తర్వాత ఏదో మాటకు అర్థం వెతుకుతూ మళ్లీ ఆ సైటులోకి వెళ్లాను. ఇంకెవరి మాటల మీదో చర్చ జరుగుతోంది. కరీంనగర్ ఆమె అక్కడా ఉంది. తాను అచ్చమైన తెలంగాణ మనిషినని నమ్మించడానికి కాబోలు, కబుర్లు కూడా చెప్తోంది. ఆలస్యంగా జవాబిస్తున్నందుకు క్షమాపణ అడుగుతూ "నిన్న మా తమ్ముడు వచ్చిన్రు, పని ఎక్కువైంది" అని రాసింది.

నేను కుర్చీలో వెనక్కి జరిగి మళ్లీ చదివాను. తమ్ముడు వచ్చిన్రు. మా వైపు పుట్టిన ఏ ఆడమనిషీ తమ్ముణ్ని అలా అనదు. వచ్చిండు అంటుంది. వచ్చిన్రు అంటే పదిమంది రావాలి, లేకపోతే మామగారో పాస్టరుగారో రావాలి. ఇది వచ్చిన భాష కాదు, సినిమాల్లో విని అతికించిన భాష. ఆమె పాతవన్నీ తీసి చదివాను. డాక్టరువీ, కుర్రాడివీ చదివాను. కంపోజింగ్‌లో ఇన్నేళ్లు ఇతరుల తెలుగు దిద్దిన కళ్లు నావి. ఎవరు రాసిందో చేతిరాత లేకుండానే పట్టగలను. నలుగురూ ప్రశ్న గుర్తుకు ముందు ఒక ఖాళీ వదులుతారు. నలుగురూ "నిర్ధారణ" దగ్గర ఒకే తప్పు చేస్తారు. నలుగురికీ "వెరసి" అనే మాట మీద ఒకటే మోజు. వెరసి నలుగురూ ఒక్కడే.

అప్పుడు వచ్చిన కోపం నా జీవితంలో మళ్లీ రాలేదు. మాటలు తీసేసినందుకు కాదు. మా ఇంటి ఆడమనిషి వేషం వేసుకుని వచ్చి నన్ను మా అమ్మ ముందు సిగ్గుపడేలా చేసినందుకు. ఆ నెలలన్నీ నేను లేని మనిషికి భయపడి బతికాను. వీణ్ని వదలకూడదనుకున్నాను. చిన్నగా చీవాట్లు పెట్టించి పంపడం నాకు చాలదు. అందరూ చూస్తుండగా పోవాలి.

ఆ సైటులో దొంగ ఖాతాలను కనిపెట్టడానికి కొందరు వాలంటీర్లు ఉండేవారు. ఒకే మనిషి పది పేర్లతో వచ్చి ఓట్లు వేయడం నెట్‌లో మామూలే. అనుమానం వచ్చిన ఖాతాల రాతలు పక్కపక్కన పెట్టి పోల్చడం, కారణాలు రాసి నివేదిక ఇవ్వడం వాళ్ల పని. ఆ పని చేయడానికి మనుషులు కావాలని అడుగుతున్నారు. నేను పేరిచ్చాను. సేవ చేయాలని కాదు. కత్తి ఎక్కడ దొరుకుతుందో అక్కడికి వెళ్లాను, అంతే.

ఆ వాలంటీర్లలో పెద్దవాడు బేగం బజార్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం నడిపే ఆయన. తరతరాల హైదరాబాద్ కుటుంబం. ఉర్దూ, తెలుగు, మార్వాడీ ఒకేలా మాట్లాడతాడు. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. పని మీద అబిడ్స్ వచ్చినప్పుడు మా సెంటర్ ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌లో నా పక్కన కూర్చుని పని నేర్పాడు. ఒకే అభిప్రాయం ఉన్నంత మాత్రాన ఇద్దరూ ఒక్కరు కారని, అన్నదమ్ములు ఒకే కంప్యూటర్ వాడొచ్చని, ఒకే నెట్ సెంటర్ నుంచి వందమంది రాయొచ్చని చెప్పేవాడు. నేరం చేసినవాణ్ని వదిలేసినా ఫర్వాలేదు, చేయనివాణ్ని మాత్రం ముట్టుకోవద్దనేవాడు. నేను తలూపేదాన్ని. కొన్ని నెలలు వేరే వాళ్ల కేసులే చూశాను. ఒక సినిమా హీరో అభిమాని ఏడు పేర్లతో పోట్లాడుతుంటే పట్టుకున్నాను. ఇద్దరు అక్కచెల్లెళ్లను ఒక్కరని అనుమానిస్తే, కాదని నేనే తేల్చాను. ఓపికగా చేశాను. నా పేరుకు విలువ పెరగాలి, నేను చెబితే వినాలి. వాడి కోసమే అదంతా.

చివరికి నా నివేదిక రాసి అన్నకు ఇచ్చాను. మనకు సంబంధం ఉన్న తగాదాలో మనమే తీర్పు చెప్పకూడదన్నది అక్కడి నియమం. అందుకని సాక్ష్యం నాది, తీర్పు ఆయనది. ఆయన నెట్ సెంటర్‌లో కూర్చునే అంతా చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చెల్లె, గీ కాగితంల నీ కోపం కనవడుతుంది గని వాని తప్పు కనవడ్తలేదు. కోపం తీసేసి మళ్ల తే."

నాకు ఒళ్లు మండింది. ఇంటికి వెళ్లి అమ్మతో చెప్పుకున్నాను, జరిగిందంతా మొదటిసారి. కరీంనగర్ ఆమె రాసిన మాట కూడా చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతూ విన్నది. నాన్న బతికుంటే ఏమనేవాడో నాకు తెలుసు. అమ్మ కూడా క్షమించమనే అంటుందనుకున్నాను.

"మాఫ్ జేసుడు తర్వాత సంగతి," అంది అమ్మ. "ముందుగాల వాడొచ్చి అడగాలె గద. అడిగేదాంక నువ్వైతే ఇడువకు."

ఆ మాటతో నాకు బలం వచ్చింది. నివేదికలో దుర్మార్గుడు, నీచుడు, ద్రోహి అన్నవన్నీ కొట్టేశాను. ఒక్క విశేషణం లేకుండా మళ్లీ రాశాను. ఏ ఖాతా, ఏ చర్చ, ఏ మాట, ఏ తప్పు. రాస్తుంటే తెలిసింది, కోపం తీసేస్తే నివేదిక ఇంకా పదునుగా ఉంటుందని. అన్న ఈసారి చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అన్న దాన్ని నలుగురి ముందు పెట్టగానే లెక్చరర్ వైపు నుంచి ఎదురుదెబ్బ వచ్చింది. నేనూ, అన్నా ఒక్కరే అన్నాడు. మేమిద్దరం అబిడ్స్‌లో ఒకే నెట్ సెంటర్ నుంచి, ఒకే సమయంలో రాసినట్టు, చర్చల్లో మేమే అన్న మాటలను బట్టి తెలుస్తోందట. సైటు బాగోగులు చూసే, హైదరాబాద్‌లోనే ఉద్యోగం చేస్తున్న గుంటూరు అబ్బాయి దాన్ని పరిశీలించి, నెట్ సెంటర్ మాట నిజమేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. కుర్రాడు, డాక్టరు, కరీంనగర్ ఆమె వరసగా వచ్చి నన్ను దొంగ అన్నారు. దొంగే వచ్చి ఇంటివాణ్ని పట్టుకున్నట్టు అయింది. విచారణ తేలేదాకా నన్నూ, అన్ననూ వాలంటీర్ పని నుంచి పక్కన పెట్టారు. ఆ వారమంతా సెంటర్‌లో నేను చేసిన పెళ్లిపత్రికల్లో తప్పులు దొర్లాయి.

అన్న మాత్రం కంగారు పడలేదు. "ఫికర్ చేయకు చెల్లె. మనం ఉన్నం గద, పోయి కనవడుదాం. లేనోళ్లకు గద ఫికర్" అన్నాడు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లంతా ఒకచోట కలుద్దామని సైటులో రాశాడు. నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్, ఆదివారం సాయంత్రం. రాలేనివాళ్లు ఫోన్‌లోనైనా మాట్లాడవచ్చని గుంటూరు అబ్బాయి జోడించాడు. లెక్చరర్ వస్తానన్నాడు. రాకపోతే అనుమానం బలపడుతుందని ఆయనకూ తెలుసు.

చర్చి అయ్యాక అమ్మకు అన్నం పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరాను. గడ్డి మీద పదిహేను మంది దాకా కూర్చున్నారు. అందరికీ ఒకరి రాతలు ఒకరికి తెలుసు, ముఖాలు తెలియవు. అన్న ఆరడుగుల పైనే ఉంటాడు, నేను ఆయన భుజం కిందికి వస్తాను. ఇద్దరం పక్కపక్కన నిలబడగానే, ఒక్కరే అన్న ఫిర్యాదు గుర్తొచ్చి కొందరు నవ్వారు. మా కేసు అక్కడితో పోయింది.

లెక్చరర్ తెల్ల చొక్కా, చేతిలో గొడుగుతో వచ్చాడు. నేననుకున్నంత పెద్దవాడు కాదు. గొంతు మెత్తగా, వినడానికి బాగుంది. ఆయనది ఏ ఊరో ఇక్కడ రాయను. ఆ ఊళ్లో నాకు మంచి స్నేహితులున్నారు, మమ్మల్ని పక్కన పెట్టినప్పుడు సైటులో నా తరఫున మొదట వాదించింది కూడా అటువైపు టీచరమ్మే. లెక్చరర్ నన్ను చూసి, మీరేనా అమ్మా అని నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. ఆయన మిగతా ముగ్గురి తరఫున కూడా సంజాయిషీ తెచ్చాడు. కుర్రాడికి పరీక్షలట. డాక్టరుకు డ్యూటీ. కరీంనగర్ ఆమె ఇంటికి చుట్టాలు వచ్చారట.

ముగ్గురూ ఆయనకు ఎలా తెలుసని ఎవరూ అడగలేదు. నేను అడిగాను.

"ఫోన్లో మాట్లాడుకుంటుంటాం అమ్మా. భాష మీద ప్రేమ ఉన్నవాళ్లం."

"అయితే ఇప్పుడు చేయండి సార్. కరీంనగర్ అక్కతోటి నేను మాట్లాడత. మా ఇద్దరిది ఒకటే యాస గద."

అబిడ్స్ తెలుగు ఆ పూట నాకు అవసరం లేదనిపించింది. ఆయన జేబు తడుముకుని, ఫోన్‌లో చార్జింగ్ లేదన్నాడు. అన్న తన ఫోన్ ముందుకు చాపాడు. ఆయన దాన్ని తీసుకుని కాసేపు చూశాడు. నంబరు గుర్తులేదన్నాడు. అందరూ చూస్తున్నారు. నాకు తొందర లేదు. అంత హాయిగా నేనెప్పుడూ కూర్చోలేదు.

"ఆమె తమ్ముడు వచ్చిన్రని రాసింది సార్," అన్నాను. "మా దిక్కు తమ్ముణ్ని గట్లంటరా?"

"మర్యాదగా అని ఉంటుంది. మర్యాద తప్పా?"

"తమ్మునికి గంత మర్యాదిచ్చే అక్కను మా తాలూకాల నేనైతే చూడలే."

ముందు ఒకరు నవ్వారు. తర్వాత అంతా నవ్వారు, గుంటూరు అబ్బాయితో సహా. పెద్ద నవ్వు కాదు, ఆపుకోబోయి ఆగని నవ్వు. ఆయన ముఖం నల్లబడడం నేను దగ్గర నుంచి చూశాను. కళ్లు తిప్పుకోలేదు. పిల్లలు నవ్వుతారన్నాడు కదా నా మాట చూసి. నవ్వు ఎట్లా ఉంటుందో చూసుకోనీ అనుకున్నాను. ఆయన గొడుగు తీసుకుని, పనుందని లేచి వెళ్లిపోయాడు.

నవ్వు సాక్ష్యం కాదని అన్న అప్పటికీ పట్టుబట్టాడు. పద్ధతి ప్రకారం గుంటూరు అబ్బాయికి విన్నపం రాశాడు. ఖాతాలు ఏ కనెక్షన్ నుంచి వస్తున్నాయో సైటులో అతనొక్కడే చూడగలడు, తగిన కారణం లేకుండా చూడకూడదు. ఇప్పుడు కారణం ఉంది. అతను చూశాడు. నాలుగు ఖాతాలూ ఒకే ఇంటి ఫోన్ లైను నుంచి వస్తున్నాయి. నెట్ సెంటర్ కాదు, ఇల్లు. ఒక ఖాతా మూశాకే ఇంకొకటి తెరుచుకునేది, ఏ రెండూ ఒకేసారి లేవు. డాక్టరు, కుర్రాడు, కరీంనగర్ ఆమె ముగ్గురి ఖాతాలూ శాశ్వతంగా మూసేశారు. లెక్చరర్‌ను ఏడాది పాటు రానివ్వకూడదని తీర్పు ఇచ్చి, కారణాలతో సహా అందరికీ కనబడేలా పెట్టారు. ఆ దొంగ ఓట్లు తీసేసి లెక్క మళ్లీ చూస్తే పాత తీర్పులు చాలావరకు తిరగబడ్డాయి. పైలం వెనక్కి వచ్చింది. సోయి వచ్చింది. గోదావరి జిల్లాల మాటలు, ఉత్తరాంధ్ర మాటలు కూడా కొన్ని వచ్చాయి. వాడు మా ఒక్కరినే కాదు, తన కావ్యాల్లో లేని ప్రతివాళ్ల మాటనూ కొట్టేశాడు.

ఆ తీర్పు పేజీని సెంటర్‌లో ప్రింట్ తీసి ఇంటికి పట్టుకెళ్లి అమ్మకు చదివి వినిపించాను. ఆమెకు సగం అర్థం కాలేదు. లేని ఆడమనిషిని వాడు ఎట్లా పుట్టించాడో రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, వానికి ఇంట్ల అక్కచెల్లెండ్లు లేరేమో పాపం అంది. పాపం అనడం నాకు నచ్చలేదు.

కొన్ని రోజులకు ఆయన నుంచి మెయిల్ వచ్చింది. భాష పాడైపోతోందన్న బాధతో చేశానని, తన ఒక్కడి మాట ఎవరూ వినరని భయపడి పదిమంది అవసరమయ్యారని, నన్ను వ్యక్తిగతంగా ఏమీ అనలేదని రాశాడు. క్షమించండి అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని చివరిదాకా చూశాను. అర్థం చేసుకోండి అని ఉంది. రెండూ ఒకటి కావు. జవాబు ఇవ్వలేదు.

ఏడాది గడిచాక ఒక్క ఖాతాతో, సొంత పేరుతో మళ్లీ రానిమ్మని అడిగాడు. సంబంధం ఉన్నదాన్ని కాబట్టి నాకు ఓటు లేదు. ఉంటే వద్దనే వేసేదాన్ని. అన్న సరేనన్నాడు, గుంటూరు అబ్బాయీ సరేనన్నాడు. అన్నతో నేను కొన్నాళ్లు మాట్లాడలేదు. శిక్ష అయిపోయినంక ఇంక శిక్షేంది చెల్లె అని ఆయన ఒకసారి దుకాణం నుంచి ఫోన్ చేశాడు. ఆయన చెప్పింది సబబే. నాకు మాత్రం సబబు కడుపు నింపలేదు.

ఆయన తిరిగొచ్చిన రోజు నుంచి ఆయన రాసే ప్రతి అక్షరం చదివాను. కొత్తగా చేరిన ఎవరైనా ఆయనతో ఏకీభవిస్తే వాళ్ల రాతలు తిరగేశాను. ప్రశ్న గుర్తు ముందు ఖాళీ కోసం వెతికాను. ఒక్కసారి జారతాడు, ఈసారి శాశ్వతంగా పంపేస్తానని కాచుకున్నాను. ఆయన జారలేదు. తన వైపు నేతపనివాళ్ల మాటలు ఎక్కిస్తూ కూర్చున్నాడు. అవి ఏ కావ్యంలోనూ లేని మాటలు. బాగున్నాయి కూడా. మగ్గం దగ్గర పెరిగినవాడికి తప్ప తెలియని మాటలు. ఈయన ఇంటి మాటలు ఇన్నేళ్లు ఎక్కడ దాచాడో అనుకున్నాను, కానీ ఒక్కదాని కిందా మంచి మాట రాయలేదు.

ఆ కాపలా అలా రెండేళ్లు నడిచింది. తర్వాత సెంటర్‌లో పని పెరిగింది, అమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలై ఖైరతాబాద్‌లో డాక్టరు చుట్టూ తిరగడం ఎక్కువైంది. ఒక వారం ఆయన రాతలు చూడడం మరిచిపోయాను. మరుసటి వారం గుర్తొచ్చింది గాని చూడలేదు. ఎవరైనా అడిగితే ఆయన్ని క్షమించావా అని, లేదనే చెప్తాను. ఆయన అడగలేదు కదా.